తోట మంటపానికి నేను కలిపిన తొమ్మిది అంగుళాలు

నా పని ఏమిటంటే

ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసిన పని కాగితం మీది కట్టడాన్ని చదివి, దాన్ని కట్టేవాళ్లకు అప్పజెప్పడం. ఎన్ని ఇటుకలు పడతాయి, ఏ రాయి ఎంత పొడవు, ఏ గుంత ఎక్కడ తవ్వాలి, ఇవే నా లెక్కలు. బడిలో చదివింది పదో తరగతి. మిగిలినదంతా సైట్ల మీద అడిగి, తిట్లు తిని, ఇతరుల పాత నోటు పుస్తకాలు తిరగేసి నేర్చుకున్నాను. నల్లగొండ నుంచి కొత్తకోట దాకా మేస్త్రీలు నన్ను 'లెక్కల సారు' అన్నారు. ఇంజనీరును కానని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

నిరుడు చక్కెర జబ్బు కళ్లకు తగిలింది. టేపు మీద పావు అంగుళం గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మొదలైంది. యాభై ఎనిమిదేళ్లకే పని మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. ఏ యాప్ మంచిది, ఏ కాంట్రాక్టరు దగ్గర చేరాలి అని అడుగుతారు. వాళ్లకు చెప్పాల్సింది అది కాదనిపించింది. ఒక పటం గురించి, ఆ పటంలో నేను మార్చిన ఒక కొలత గురించి చెప్పాలి. ఆ కొలత వల్ల వెంకటయ్య అనే రాతి మేస్త్రికి కుడి కాలు పోయింది. ఆ తర్వాత పేరు కూడా పోయింది. కాలు తీసింది రాయి. పేరు తీసినవాళ్లలో నేనున్నాను.

రహీం సాబ్ పద్ధతి

నాకు పని నేర్పింది నల్లగొండలో ఓవర్సీరుగా చేసి దిగిపోయిన రహీం సాబ్. నేను చేరిన రెండో ఏడు ఒక బడి వంటగది పటాన్ని తిరగేసి చదివాను. కుడి ఎడమైంది. తలుపు బిగించి తెరిస్తే జానెడు తెరుచుకుని, పక్కనున్న రాతి గుండుకు తగిలి ఆగిపోయింది. రహీం సాబ్ వచ్చి ఆ సందులో చేయి పెట్టి చూశాడు.

"నర్సింహా, గీ దర్వాజల కెళ్లి ఎవరు పోవాలె? బల్లులా?"

మేస్త్రీలు నవ్వారు. నేను తల దించుకున్నాను. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి బీడీ ముట్టించుకుని, నా వృత్తికంతటికీ సరిపోయే మాట ఒకటి చెప్పాడు.

"పటం జదివినోడు కొలత పైకి జదవాలె. రాయి కింద నిలబడేటోడు ఆ కొలత మల్ల జెప్పాలె. ఆడు మల్ల జెప్పకుంటే పని షురూ చెయ్యొద్దు. ఆడు మొద్దోడని అనుకోకు. ఆనికి ఏదో కనబడ్డదని అనుకో."

అప్పటి నుంచి ప్రతి సైటులో అదే చేశాను. పొద్దున పని మొదలయ్యే ముందు నేను కొలత చదువుతాను, మేస్త్రి తిరిగి చెబుతాడు. బయటివాళ్లకు అది బడిపిల్లల ఎక్కాలలా వినిపించేది. ఆ పద్ధతి వల్ల ఎన్ని తప్పులు ఆగాయో నా దగ్గర లెక్క లేదు. ఆగని తప్పు మాత్రం ఒక్కటే ఉంది.

చేత్తో గీసిన పటం

తెలంగాణ వచ్చిన కొత్తలో, మహబూబ్‌నగర్ ఇంకా ఒకే జిల్లాగా ఉన్న రోజుల్లో, కొత్తకోట దాటాక హైవే పక్కన ఒకాయన రిసార్టు మొదలుపెట్టాడు. కందిచేను చదును చేసి పచ్చగడ్డి పరిచాడు. ఆ గడ్డి మధ్యలో విదేశీ పాతకాలపు పద్ధతిలో ఒక రాతి మంటపం కావాలన్నాడు. మెట్లున్న అరుగు మీద, గోడలు లేకుండా చుట్టూ పది స్తంభాలు, వాటి మీద రాతి దూలాలు, ముందువైపు త్రికోణం. కాంట్రాక్టరు బుచ్చన్న నన్ను పిలిచాడు.

పటం గీసింది హైదరాబాదులో ఒక పెద్దావిడ. ఆర్కిటెక్చరు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మేమంతా మేడం అనేవాళ్లం. ఆమె కంప్యూటరు వాడలేదు. దళసరి కాగితం మీద నల్ల సిరాతో గీసి, స్తంభాల నీడలు పలచని బూడిద రంగుతో వేసింది. నీడ ఎంత పొడవు పడితే అంచు అంత బయటికి ఉన్నట్టు. అంటే ఆ రంగు కూడా కొలతే. స్తంభం కింద పన్నెండు అంగుళాలు, తల దగ్గర తొమ్మిది, ఎత్తు ఎనిమిది అడుగులు. నిటారుగా సన్నబడకుండా నడుమ దగ్గర వెంట్రుకవాసి ఉబ్బు. ఎందుకని అడిగితే, నిటారుగా చెక్కితే దూరం నుంచి నడుము చిక్కినట్టు కనిపిస్తుందని చెప్పింది. మెట్ల దగ్గర ఒక చిన్న మనిషి బొమ్మ గీసింది, ఎత్తు తెలియడానికి. నేను చూసిన పటాలన్నిటిలో అంత శుభ్రమైనది మరొకటి లేదు.

"ఎంతవరకు చదివారు?" అని అడిగింది నన్ను.

"పదో తరగతి, మేడం."

ఆమె పటాన్ని నా వైపు నుంచి బుచ్చన్న వైపు కొద్దిగా తిప్పింది. బహుశా వెలుతురు కోసం తిప్పిందేమో. ఇప్పుడు అలా అనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆ రెండంగుళాల తిప్పుడు నా ఒంట్లో ముల్లులా దిగింది. పటం అంచున ఆమె తెలుగులో రాసిన మాట నేను చదవకపోలేదు: 'ఒక్క కొలత మార్చాలన్నా ముందు నాకు ఫోన్ చేయండి.' కింద నంబరు. 'స్తంభం మీద దూలం బేరింగ్ నాలుగు అంగుళాలకు తగ్గకూడదు' అని ఇంకో వరస. బేరింగ్ అంటే దూలం కొస స్తంభం తల మీద ఆనే మేర.

కాకి ఆయం

రెండు నెలల్లో క్వారీ దగ్గర దూలాలన్నీ చెక్కడం అయిపోయింది. స్తంభాల గుంతలకు ముగ్గు పోసే రోజు యజమాని ఒక సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన స్తంభాల గీత పట్టుకుని కొలిపించాడు. పొడవు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పన్నెండు. గజాల్లో ఆరు, నాలుగు.

ఆయం లెక్క తెలియనివాళ్లకు చెబుతాను. వైశాల్యాన్ని తొమ్మిదితో గుణించి ఎనిమిదితో భాగిస్తారు. శేషం బేసి అయితే మంచిది, సరి అయితే చెడ్డది. ఆరు నాలుగులు ఇరవై నాలుగు. తొమ్మిదితో గుణిస్తే రెండు వందల పదహారు. ఎనిమిదితో భాగిస్తే శేషం ఏమీ మిగలదు. అది కాకి ఆయం, అన్నిటికంటే చెడ్డది.

యజమాని ముఖం మాడిపోయింది. "ఇరవై దినాలల్ల ఓపెనింగు. గిప్పుడు కాకి ఆయమంటే ఎట్ల? లెక్కల సారూ, రాళ్లు గవే ఉండాలె, ఆయం మారాలె. అయితదా, కాదా?"

అందరూ నా వైపు చూశారు. ఆ చూపు కోసమే నేను అన్నేళ్లు పని చేశానేమో. కాగితం ముట్టకుండా నోటి లెక్క వేశాను. వైశాల్యం ఇరవై అయిదు చదరపు గజాలు కావాలి. వెడల్పు నాలుగు గజాలే ఉంచి పొడవు ఆరుంపావు గజాలు చేస్తే చాలు. అంటే తొమ్మిది అంగుళాలు కలపాలి. తొమ్మిదితో గుణిస్తే రెండు వందల ఇరవై అయిదు, శేషం ఒకటి, ధ్వజాయం.

"అయితది," అన్నాను.

సిద్ధాంతి సహా అందరూ మెచ్చుకున్నారు. "హైదరాబాద్ మేడం కన్న మా సారే నయం," అన్నాడు బుచ్చన్న. ఎర్ర పెన్నుతో పటం మీద పద్దెనిమిది కొట్టేసి, పద్దెనిమిది అడుగుల తొమ్మిది అంగుళాలు అని రాశాను. పొడవు వైపు స్తంభాల మధ్య మూడు ఖానాలు, ఖానాకు మూడంగుళాలు ఎడం పెరుగుతుంది. దూలానికి రెండు కొసలు, కొసకు అంగుళంన్నర తగ్గుతుంది. తొమ్మిదంగుళాల స్తంభం తలను రెండు దూలాలు చెరిసగం పంచుకుంటాయి కాబట్టి, నాలుగున్నర బేరింగులో అంగుళంన్నర పోతే మూడు. మేడం రాసిన నాలుగుకు ఒక్క అంగుళమే తక్కువ. సిమెంటు పట్టుకుంటుందిలే అనుకున్నాను.

ఫోన్ జేబులోనే ఉంది. చేయలేదు. చేస్తే, పదో తరగతివాడు అడగడానికి వచ్చాడని ఆమె అనుకుంటుందని నా భయం.

వెంకటయ్య తిరిగి చెప్పని కొలత

వెంకటయ్యది నా ఈడే. రాయిని వేలి ముణుకుతో కొట్టి, చప్పుడు విని పగులు ఎక్కడుందో చెప్పేవాడు. సాయంత్రం పని దిగాక ఒక సీసా కల్లు తాగేవాడు. పని మీద ఉన్నప్పుడు చాయ్ తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. ఈ రెండు సంగతులూ అక్కడ అందరికీ తెలుసు.

దూలాలు ఎత్తే రోజు పొద్దున ఎప్పటిలాగే కొలతలు చదివాను. ఆయన ఒక్కొక్కటీ తిరిగి చెబుతున్నాడు.

"మూల దూలం, లోపలి కొస, బేరింగ్ మూడంగుళాలు."

జవాబు లేదు.

"మల్ల చెప్పు వెంకటయ్యా."

"ఎట్ల జెప్పాలె సారూ? గాడ మూడు లేదు."

"ఎందుకు లేదు?"

"మూల దూలానికి గాడి కొట్టినం గద, అడ్డం దూలం అండ్ల కూసుంటది. గా కొస జరగమంటె జరగది. మీరు రెండు దిక్కులా సగం సగం దగ్గిచ్చిన్రు. గది గట్ల పంచుకోది. మొత్తం గీ లోపటి దిక్కే తగ్గుతది. అంగుళంన్నర." ఆయన రెండు వేళ్లు ఎడంగా పట్టి చూపించాడు. "అంగుళంన్నర మీద పిట్ట కూసుంటది. రాయి కూసుంటదా?"

కూలీలు కిసుక్కున నవ్వారు. ఒకడు పిట్టలా కూత పెట్టాడు.

బుచ్చన్నకు కోపం వచ్చింది. "ఏం వెంకటయ్యా, సారు కన్న ఎక్కువ లెక్కలొస్తయా నీకు?"

"లెక్కలు రావు బుచ్చన్నా. రాయి వస్తది."

నేను నిచ్చెనెక్కి కొలిచాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మూల దూలం లోపలి కొసకు అంగుళంన్నర, పక్క దూలానికి మూడు, మధ్యలో నాలుగున్నర అంగుళాల ఖాళీ. ఆ దూలం బరువు మూడున్నర క్వింటాళ్లకు పైనే. రహీం సాబ్ మాట ఆ నిచ్చెన మీద గుర్తుకు రాలేదంటే అబద్ధం. గుర్తొచ్చింది. అక్కడే దిగి 'పని ఆపండి, మూల దూలాలు నాలుగూ కొత్తవి చెక్కించాలి' అనాలి. అలా అంటే తొమ్మిది అంగుళాలు నా తప్పని అందరి ముందూ ఒప్పుకోవాలి. ముహూర్తం పదకొండు రోజుల్లో ఉంది.

"సిమెంటుల కూసోబెట్టి, కింద కట్టెలు పోటు పెట్టున్రి," అన్నాను. "గట్టిపడ్డంక తీద్దాం."

వెంకటయ్య నా ముఖం చూశాడు. "మీరు జెప్తున్నరు, నేను పెడుతున్న," అన్నాడు. కొలత మాత్రం తిరిగి చెప్పలేదు.

కట్టెలు తీసిన రోజు

ఎనిమిదో రోజు రంగు లైట్లు బిగించేవాళ్లు వచ్చారు. పోటు కట్టెలు అడ్డమన్నారు. బుచ్చన్న నన్ను అడిగాడు. నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి, ఖాళీలో నింపిన సిమెంటును గోటితో గీకి చూసి, తీయమన్నాను.

తీశారు. ఏమీ కాలేదు. అందరం చాయ్ తాగాం. నాలో ఒక సన్నని సంతోషం కూడా కలిగింది, వెంకటయ్యది ఉత్త భయమని తేలిందని. ఆ సంతోషం గురించి రాయడమే నాకు అన్నిటికంటే కష్టంగా ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెంకటయ్య అరుగు మీద కాళ్లు చాపి కూర్చుని, స్తంభం మొదలును నున్నగా రుద్దుతున్నాడు. నేను మెట్ల దగ్గర, పటంలో చిన్న మనిషి బొమ్మ ఉన్న చోటే నిలబడి ఉన్నాను. పైన బెల్లం గడ్డ విరిగినట్టు చిన్న చప్పుడైంది. స్తంభం తల అంచు పెచ్చులా ఊడి, మూల దూలం జారింది. ఆ చప్పుడుకు ఆయన తల ఎత్తి, ఒళ్లు వెనక్కి లాక్కున్నాడు. కుడి కాలు మిగిలిపోయింది.

మహబూబ్‌నగర్ దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు.

మర్నాడు సైటులో నలుగురు కూర్చున్నారు. యజమాని, బుచ్చన్న, ఊరి పెద్దమనుషులు ఇద్దరు. "రాయి కూసోబెట్టినప్పుడు తాగి ఉండె," అన్నాడు బుచ్చన్న. ఒక పెద్దమనిషి నన్ను అడిగాడు: "లెక్కల సారూ, మీ కొలత మంచిగనే ఇచ్చిన్రా?"

"కొలత పైకి చదివి వినిపించిన," అన్నాను.

అందులో అబద్ధం లేదు. చదివి వినిపించాను. ఆయన తిరిగి చెప్పాడా అని ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. 'తాగి ఉండె' అన్న మాట దగ్గర కూడా నోరు మెదపలేదు. నా జన్మలో అంత ఖచ్చితంగా కొలిచి మాట్లాడింది మరొకటి లేదు.

మేడం వేయమన్న లెక్క

మూడో రోజు మేడం వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా తనే టేపు తీసి స్తంభాల ఎడం కొలిచింది. తర్వాత నన్ను పటం తెమ్మంది. ఎర్ర సిరా చూసింది.

"ఇది మీ చేతిరాతేనా?"

"అవును మేడం."

"ఎందుకు?"

కాకి ఆయం గురించి చెప్పాను. ఆమె ఆ తొమ్మిది అంగుళాల మీద వేలు పెట్టింది. కోప్పడలేదు.

"స్తంభాల గీత ఎందుకు పట్టుకున్నారు? అరుగు అంచు పట్టుకోవాలి కదా. అరుగు ఇరవై ఒకటి బై పదిహేను. లెక్క వేయండి."

ఏడు గజాలు, అయిదు గజాలు. ముప్పై అయిదు. తొమ్మిదితో గుణిస్తే మూడు వందల పదిహేను. ఎనిమిదితో భాగిస్తే శేషం మూడు. సింహాయం.

"ఇక్కడ ఎవరికి గీసినా ఆయం అడుగుతారని నాకు తెలుసు," అంది. "చూసుకునే గీశాను. మార్చాల్సింది ఏమీ లేదు. ఒక్క ఫోన్ చేసి ఉంటే అదే చెప్పేదాన్ని."

నేను పటం చుట్టడం మొదలుపెట్టాను.

"ఆ మేస్త్రి తాగి ఉన్నాడంటున్నారు. నిజమేనా?"

"కాదు మేడం."

"మరి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"నేనే చెప్తా."

ఆమె నమ్మింది. కారెక్కి వెళ్లిపోయింది. నేను చెప్పలేదు. బుచ్చన్న దగ్గర ఇంకో రెండు పనులు నడుస్తున్నాయి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ చెప్పకపోవడానికి అలవాటు పడ్డాను. ఆమెకు ఈసారి కూడా ఫోన్ చేయలేదు.

దూలాలన్నీ దింపేసి, ఇనుప గొట్టాల మీద ప్లాస్టరు చేసి పాలరాయి రంగు వేశారు. ఇప్పుడక్కడ పెళ్లికి ముందు జంటలు ఫొటోలు దిగుతున్నాయి. స్తంభాల మీద కొడితే డొల్ల చప్పుడొస్తుంది. నిటారుగా ఉన్నాయి. మేడం చెప్పినట్టే, దూరం నుంచి నడుము చిక్కినట్టు కనిపిస్తాయి.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. లెక్క తప్పడం పెద్ద విషయం కాదు, అందరికీ తప్పుతుంది. నా లెక్క నిచ్చెన మీదే తప్పని తేలింది. ఆ తర్వాత జరిగినదంతా లెక్క తప్పు కాదు. మీ ఫోన్లలో ఇప్పుడు అన్నీ క్షణంలో వస్తాయి. కింద నిలబడేవాడు తిరిగి చెప్పకపోతే ఆగమని అవి చెప్పవు.

వెంకటయ్య దగ్గర

పని మానేశాక ఆ పటం చుట్టుకుని కొత్తకోట పోయాను. వెంకటయ్య హైవే పక్కన ప్లాస్టిక్ పట్టా కింద కూర్చుని రోళ్లు చెక్కుతున్నాడు. కూర్చుని చేసే పని అదొక్కటే. పక్కన కర్ర చంకకోల. ఆ తర్వాత ఏ మేస్త్రీ ఆయన్ను గుంపులో కలుపుకోలేదని తెలుసు. తాగి రాయి పెట్టేవాడి కింద ఎవరు నిలబడతారు?

"లెక్కల సారా! రా, కూసో. రోలు గావాల్నా?"

"కాదు వెంకటయ్యా." పటం విప్పాను. ఆయనకు చదువు రాదు. అయినా కాగితం మీద వేలు జరుపుకుంటూ పోయి నేరుగా ఆ మూల దగ్గర ఆపాడు.

"గీడనే."

"తప్పు నాది. తొమ్మిది అంగుళాలు నేనే కలిపిన. ఎవ్వరికి చెప్పలే."

"నాకెర్కలేదా సారూ? గప్పుడే ఎర్క."

"మరి అడగకపోతివి."

"ఏమడగాలె? కాలడగాల్నా?" ఉలి తీసుకుని రెండు దెబ్బలు కొట్టాడు. రాతిపొడి ఊదాడు. "రాయి పడ్డది. పనిల పడుతది, మా నాయినకు సుత వేళ్లు పొయినయి. గది కాదు. నా కోడలు పిల్లగానికి చెప్తది, మీ తాత తాగి కాలు పోగొట్టుకున్నడని. నా ఇంట్ల, నా ముంగటనే. నేను గాదంటె నవ్వుతది."

"ఇంట్ల నేను చెప్తా, పిలువు."

"ఒక్కదానికి చెప్తె ఏమొస్తది? నలుగురిల అన్నరు. నలుగురిలనే జెప్పాలె."

ఆ నలుగురిలో బుచ్చన్న పోయాడు, ఒక పెద్దమనిషికి మతి తప్పింది. యజమాని రిసార్టు అమ్మి వెళ్లిపోయాడు. ఆ నలుగురిని మళ్లీ కూర్చోబెట్టడం నా చేతిలో లేదని చెప్పాను.

"గట్లయితె వేరే నలుగురికి జెప్పు," అన్నాడు వెంకటయ్య. మళ్లీ ఉలి ఎత్తాడు.

ఇది చదువుతున్నవాళ్లు నలుగురైనా ఉంటారనుకుంటాను. రహీం సాబ్ నేర్పినట్టు పైకి చదువుతున్నాను. మూల దూలం, లోపలి కొస, బేరింగ్ అంగుళంన్నర. కొలత మార్చింది నేను. కట్టెలు తీయమన్నది నేను. వెంకటయ్య తాగి లేడు.

మీరు తిరిగి చెప్పండి.